ఇన్, ఆన్, ఎట్, సిన్స్, ద: ఇంగ్లీషు చిన్న మాటలకు తెలుగు అర్థాల పట్టిక ఎందుకు సరిపోదు

మీ ప్రశ్న సారాంశం ఇది. ఇంట్లో తెలుగు, బడిలోనూ బజారులోనూ ఒడియా మాట్లాడుతూ పెరిగి, ఒడిశా, ఆంధ్ర సరిహద్దు దగ్గరి రాయగడలో డిగ్రీ పూర్తి చేశారు. ఇప్పుడు ఉద్యోగాలకు ఇంగ్లీషులో దరఖాస్తులు రాస్తున్నారు. పెద్ద మాటలు మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం లేదు గానీ, ఎవరైనా దిద్దితే ఎర్ర సిరా పడేదంతా ఇన్, ఆన్, ఎట్, సిన్స్, ఫర్, బై, ద లాంటి చిన్న మాటల దగ్గరే. వీటన్నిటికీ తెలుగు అర్థాలతో ఒక పట్టిక ఇస్తే కంఠతా పడతానని అడిగారు, మీ దరఖాస్తులోని కొన్ని వాక్యాలు కూడా పంపారు. ఆ వాక్యాలను చివర దిద్ది చూపిస్తాను. పట్టిక మాత్రం ఇవ్వను. ఈ సరిహద్దు జిల్లాల పిల్లలకు ఏళ్ల తరబడి ఇంగ్లీషు పాఠం చెబుతున్నవాడిగా నేను గమనించినదేమిటంటే, ఈ తప్పుల్లో ఎక్కువ భాగం అలాంటి పట్టిక నుంచే పుడతాయి. ఇన్ అంటే లో, ఆన్ అంటే మీద, టు అంటే కి, ఫ్రమ్ అంటే నుంచి అని చిన్నప్పుడు వల్లెవేసిన పట్టిక మీ దగ్గర ఇప్పటికే ఉంది. మీ వాక్యాలను పాడుచేస్తున్నది అదే.

తెలుగులో విభక్తి నామవాచకం చివర చేరుతుంది, ఇంగ్లీషులో ఆ పని చేసే మాట ముందు వస్తుంది. ఈ తేడా అందరికీ తెలిసినదే, పెద్ద చిక్కు కూడా కాదు. అసలు చిక్కు పంపకంలో ఉంది. మన 'కి' ఒక్కదాన్నే తీసుకోండి. 'పార్వతీపురానికి వెళ్తున్నాను' అన్నప్పుడు ఇంగ్లీషులో టు వస్తుంది. 'పదింటికి రండి' అంటే ఎట్ వస్తుంది. 'తమ్ముడికి చొక్కా కొన్నాను' అంటే ఫర్, 'గోడకి క్యాలెండరు ఉంది' అంటే ఆన్, 'సోమవారానికి పూర్తి చేస్తాను' అంటే బై. 'పాపకి జ్వరం' అన్నప్పుడు ఏ చిన్న మాటా రాదు, 'హ్యాజ్' అనే క్రియ ఆ పని చూసుకుంటుంది. ఒడియాలో 'రే' సంగతీ ఇంతే. 'ఘరే' అంటే ఇంట్లో, 'టేబుల్‌రే' అంటే బల్ల మీద, 'దశటారే' అంటే పదింటికి, 'బస్‌రే' అంటే బస్సులో, 'కలమరే' అంటే కలంతో. ఈ ఐదు చోట్ల ఇంగ్లీషు ఇన్, ఆన్, ఎట్, బై, విత్ అని ఐదు వేర్వేరు మాటలు వాడుతుంది. అయితే ఒడియా 'రే'ని మీరు తెలుగులోకి ఎప్పుడూ ఒకే మాటగా తీసుకురాలేదు. ఇంటి దగ్గర 'లో' అనీ బల్ల దగ్గర 'మీద' అనీ ఆలోచించకుండానే మార్చుకుంటూ వచ్చారు. రెండు భాషల మధ్య పెరిగినవారికి పుట్టుకతో అబ్బే ఈ నేర్పునే ఇంగ్లీషు దగ్గర కూడా వాడుకోవాలి. పట్టిక పట్టుకున్నవారు దీన్ని పక్కన పెట్టేస్తారు.

ఇక మాటల్లోకి వద్దాం. ఇన్, ఆన్, ఎట్ అనే మూడింటినీ కలిపి చూస్తేనే అర్థమవుతాయి. చుట్టూ హద్దు ఉన్న చోటికి ఇన్. ఒక తలానికో గీతకో తగిలి ఉన్నదానికి ఆన్. హద్దునూ తలాన్నీ పట్టించుకోకుండా కేవలం ఒక బిందువుగా చూసేదానికి ఎట్. ఆన్ విషయంలో 'పైన ఉండటం' కన్నా 'తగిలి ఉండటం' ముఖ్యమని గుర్తుంచుకోండి. బల్లి పైకప్పుకి కరుచుకుని ఉంటే మనం 'పైకప్పు మీద' అనం, అంటే ఇంటి బయట పెంకుల మీద ఉందన్న అర్థం వస్తుంది. ఇంగ్లీషులో అది 'ఆన్ ద సీలింగ్' అవుతుంది. ఊరు నది ఒడ్డున ఉంటే, నది ఒక గీత గనుక, అక్కడా ఆన్ వస్తుంది: 'రాయగడ ఈజ్ ఆన్ ద నాగావళి', 'గుణుపుర్ ఈజ్ ఆన్ ద వంశధార'. తెలుగు 'మీద' పెట్టి చదివితే ఊరు నీళ్ల మీద తేలుతున్నట్టు ఉంటుంది. సరిహద్దు కూడా గీతే. 'పర్లాకిమిడి ఆంధ్ర సరిహద్దులో ఉంది' అని మనం 'లో' వాడతాం కాబట్టి మన పిల్లలు 'ఇన్ ద బోర్డర్' అని రాస్తారు. అది 'ఆన్ ద బోర్డర్' కావాలి. మన జిల్లాలవారు తమ ఊరి గురించి ఇంగ్లీషులో రాసే మొదటి వాక్యంలోనే ఈ తప్పు దొర్లడం నేను తరచుగా చూస్తుంటాను.

చిరునామా రాసేటప్పుడు ఈ మూడూ వరుసగా కనిపిస్తాయి. ఊరూ జిల్లా హద్దులున్నవి గనుక 'ఇన్ రాయగడ', రోడ్డు ఒక గీత గనుక 'ఆన్ స్టేషన్ రోడ్', ఇంటి నంబరు ఒక బిందువు గనుక నంబరుతో చెప్పినప్పుడు 'ఎట్'. పెద్ద చోటు నుంచి చిన్న చోటికి వస్తున్నకొద్దీ ఇన్, ఆన్, ఎట్ అనే క్రమం ఏర్పడుతుంది. కాలం విషయంలోనూ ఇదే క్రమం, అక్కడ తెలుగు మీకు చాలా సాయం చేస్తుంది. ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడిన సంగతి తెలుగులో ఎలా రాస్తాం? '1936లో' అంటాం, 'ఏప్రిల్ 1న' అంటాం, ఏదైనా సభ గురించైతే 'పదింటికి' అంటాం. ఈ లో, న, కి అనే మూడూ ఇంగ్లీషులో సరిగ్గా ఇన్, ఆన్, ఎట్ అవుతాయి: 'ఇన్ 1936', 'ఆన్ ఏప్రిల్ 1', 'ఎట్ టెన్'. గజపతి, రాయగడ జిల్లాలు 1992 అక్టోబరు 2న ఏర్పడ్డాయి. ఇందులో 'న' ఉంది కాబట్టి 'ఆన్'. తేదీ చెప్పకుండా '1992లో' అని ఊరుకుంటే 'ఇన్'. తెలుగు విభక్తి ఇంగ్లీషుతో ఇంత చక్కగా కుదిరే చోటు ఇంకొకటి లేదు, దీన్ని వదులుకోవద్దు. దీనికి లొంగనివి కొద్దిగానే ఉన్నాయి. 'ఇన్ ద మార్నింగ్' అంటారు గానీ రాత్రికి 'ఎట్ నైట్' అంటారు. ఆదివారం అని చేర్చగానే 'ఆన్ సండే మార్నింగ్' అవుతుంది. లాస్ట్, నెక్స్ట్, దిస్, ఎవ్రీ అనే మాటలు ముందు ఉంటే ఏదీ రాదు: 'లాస్ట్ మండే', 'నెక్స్ట్ ఇయర్'.

ఇన్ గురించి మరొక మాట. దీన్ని పట్టించుకోక నష్టపోయేవారు ఉన్నారు గనుక వివరంగా చెబుతున్నాను. 'వారంలో వస్తాను' అని మనం అంటే ఆ ఏడు రోజుల్లో ఎప్పుడైనా రావచ్చు. 'ఐ విల్ కమ్ ఇన్ ఎ వీక్' అని ఇంగ్లీషులో అంటే వారం గడిచాక వస్తానని అర్థం. మనం అనుకునే అర్థం రావాలంటే 'వితిన్ ఎ వీక్' అనాలి. సరుకు పంపేవారితోనో పై అధికారితోనో గడువు మాట్లాడుకునేటప్పుడు ఈ తేడా వల్ల ఒకరు మంగళవారమే ఎదురుచూస్తుంటే మరొకరు వచ్చే మంగళవారానికి సిద్ధమవుతుంటారు. 'ఇన్ టైమ్', 'ఆన్ టైమ్' కూడా ఒకటి కావు. రైలు పట్టికలో రాసిన వేళకే వస్తే అది 'ఆన్ టైమ్' వచ్చింది. ఆ రైలు కదలకముందే మీరు స్టేషనుకు చేరుకుంటే మీరు 'ఇన్ టైమ్' వచ్చారు. బస్సు, రైలు, విమానం లాంటి, లోపల నిలబడి నడవగలిగే వాహనాలకు ఆన్ వాడతారు, కారుకూ ఆటోకూ ఇన్ వాడతారు, సైకిలుకూ మోటారు సైకిలుకూ మళ్లీ ఆన్. ప్రయాణ సాధనాన్ని మాత్రమే చెప్పాలంటే 'బై బస్', 'బై ట్రెయిన్' చాలు, మధ్యలో ద పెట్టకూడదు. కాలినడకకు మాత్రం 'ఆన్ ఫుట్'.

సిన్స్, ఫర్ దగ్గరికి వస్తే, మన ప్రాంతపు ఇంగ్లీషులో అన్నిటికన్నా ఎక్కువగా వినిపించే తప్పు ఇక్కడే ఉంది. 'మూడేళ్ల నుంచి పనిచేస్తున్నాను' అన్న తెలుగు వాక్యాన్ని 'ఐ యామ్ వర్కింగ్ సిన్స్ త్రీ ఇయర్స్' అని మారుస్తారు. అందులో ఒకటి కాదు, రెండు తప్పులున్నాయి. మొదటిది, సిన్స్ తర్వాత పని మొదలైన క్షణమో తేదీయో సంవత్సరమో రావాలి, గడిచిన కాలపు నిడివి రాకూడదు. నిడివికి ఫర్ వాడాలి. తెలుగు 'నుంచి' ఈ రెండింటినీ కలిపేస్తుంది గానీ, మన భాషలోనే దీనికొక పరీక్ష ఉంది. 'నుంచి' బదులు 'గా' పెట్టి చూడండి. 'మూడేళ్లుగా పనిచేస్తున్నాను' అని అనగలం, కాబట్టి 'ఫర్ త్రీ ఇయర్స్'. '2019గా పనిచేస్తున్నాను' అని అనలేం, కాబట్టి 'సిన్స్ 2019'. 'గా' కుదిరితే ఫర్, కుదరకపోతే సిన్స్. ఒడియాలో 'తిని బర్ష హెలా' అంటారు కదా, అంటే మూడేళ్లయింది అని. అలా 'హెలా' అని చెప్పగలిగిన కాలమంతా నిడివే గనుక అదీ ఫర్ కిందికే వస్తుంది. రెండో తప్పు క్రియలో ఉంది. తెలుగులో 'పనిచేస్తున్నాను' అనే వర్తమానం గతం నుంచి సాగివచ్చే పనికీ సరిపోతుంది. ఇంగ్లీషులో అలాంటి పనికి 'హ్యావ్ బీన్ వర్కింగ్' అనాలి. చిన్న మాటను ఒక్కదాన్నే దిద్ది క్రియను వదిలేస్తే వాక్యం సగమే బాగుపడుతుంది.

ఫ్రమ్‌కు రెండు కొసలూ ఉంటాయి: 'ఫ్రమ్ 2019 టు 2022'. ఇకముందు మొదలయ్యేదానికీ ఫ్రమ్మే వాడాలి. 'సోమవారం నుంచి సెలవులు' అన్నప్పుడు ఆ సోమవారం ఇంకా రాకపోతే 'ఫ్రమ్ మండే'. సిన్స్ ఎప్పుడూ ఇప్పటి నుంచి వెనక్కే చూస్తుంది.

గడువుల విషయంలో బై, టిల్ అనే జంటను కూడా గట్టిగా పట్టుకోవాలి. బై అంటే 'కల్లా' లేదా 'లోగా', టిల్ అంటే 'దాకా'. ఫామ్ ఐదో తేదీకల్లా ఇవ్వాలంటే 'బై ద ఫిఫ్త్'. కౌంటరు ఐదో తేదీ దాకా తెరిచి ఉంటుందంటే 'టిల్ ద ఫిఫ్త్'. మొదటిది ఒక్కసారి జరిగి అయిపోయే పని, రెండోది అంతవరకు ఆగకుండా సాగేది. 'ఐ విల్ సబ్మిట్ టిల్ ద ఫిఫ్త్' అని రాస్తే ఐదో తేదీ వరకు రోజూ ఇస్తూనే ఉంటానన్నట్టు చదువుకుంటారు.

ఇప్పుడు ఎ, యాన్, ద. తెలుగులో వీటికి సాటి మాటలు లేవని చెప్పి పాఠం ముగించేస్తారు. అది సగం నిజమే. మనం కథ ఎలా మొదలుపెడతాం? 'అనగనగా ఒక రాజు, ఆ రాజుకి ఏడుగురు కొడుకులు.' మొదటిసారి చెప్పినప్పుడు 'ఒక', వినేవారికి తెలిశాక 'ఆ'. ఇంగ్లీషులో ఎ, ద చేసే పని ముఖ్యంగా ఇదే. ఎదుటివారికి ఏదో తెలియని వస్తువును కొత్తగా పరిచయం చేస్తే ఎ, ఇద్దరికీ ఫలానాదని తెలిసినదాన్ని చెబితే ద. తేడా ఏమిటంటే, తెలుగులో ఈ 'ఒక', 'ఆ' ఇష్టముంటే పెడతాం, లేకపోతే వదిలేస్తాం, ఇంగ్లీషులో ఆ స్వేచ్ఛ లేదు. 'పుస్తకం తెచ్చావా?' అని మనం అడిగితే అది ఏదో ఒక పుస్తకమా, నిన్న అనుకున్న పుస్తకమా అన్నది సందర్భాన్ని బట్టి తెలుస్తుంది. ఇంగ్లీషులో ఆ సంగతి వాక్యంలోనే చెప్పాలి.

ఇక్కడ మీకు ఒడియా తెలిసి ఉండటం పెద్ద ఆస్తి. ఒడియాలో 'గోటియే బహి' అంటే ఏదో ఒక పుస్తకం, 'బహిటి' అంటే ఆ తెలిసిన పుస్తకం. 'పిలాటి' అంటే ఆ పిల్లవాడు. చివర చేరే ఆ 'టి' లేదా 'టా' ఇంగ్లీషు ద చేసే పనికి తెలుగులోని దేనికన్నా దగ్గరగా ఉంటుంది. కాబట్టి ద పెట్టాలా వద్దా అని సందేహం కలిగినప్పుడు ఆ వాక్యాన్ని ఒకసారి ఒడియాలో మనసులో అనుకోండి. నోటికి 'టి' గానీ 'టా' గానీ వస్తే చాలాసార్లు ద కావాలి, 'గోటియే' వస్తే ఎ కావాలి. సముద్రతీరంలోని తెలుగువారికి లేని ఈ దారి రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం పిల్లలకు ఉంది. దాన్ని పాఠాల్లో ఎవరూ వాడుకోకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

పేర్ల దగ్గర మాత్రం ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ అలవాటే ఆధారం. నదులకు ద ఉంటుంది: ద నాగావళి, ద వంశధార, ద మహేంద్రతనయ. ఊళ్లకూ రాష్ట్రాలకూ ఉండదు. ఒంటరి కొండకు ఉండదు గనుక మహేంద్రగిరి ముందు ఏమీ పెట్టం, కొండల వరసకు ఉంటుంది గనుక తూర్పు కనుమలు 'ద ఈస్టర్న్ ఘాట్స్'. 'అన్నిటికన్నా' అనే అర్థం వచ్చే మాటకు ముందు ద తప్పదు: 'దేవమాలి ఈజ్ ద హైయెస్ట్ పీక్ ఇన్ ఒడిశా'. కోరాపుట్ జిల్లాలోని ఆ శిఖరం 1,672 మీటర్ల ఎత్తు. భాషల పేర్లకు ద రాదు: 'ఐ స్పీక్ ఒడియా'. బడి విషయంలో ఒక సూక్ష్మం ఉంది. చదువుకోవడానికి వెళ్లే పిల్లవాడు 'గోస్ టు స్కూల్', వాడి మాస్టారిని కలవడానికి వెళ్లే తండ్రి 'గోస్ టు ద స్కూల్'. ఒకరు ఆ చోటు ఉన్న పని మీద వెళ్తున్నారు, మరొకరు ఆ కట్టడానికి వెళ్తున్నారు.

ఎ వాడాలా, యాన్ వాడాలా అన్నది రాతను బట్టి కాదు, ధ్వనిని బట్టి ఉంటుంది. దీనికి తెలుగు లిపి మంచి సాధనం. ఆ మాటను తెలుగులో రాసి మొదటి అక్షరం చూడండి. అచ్చుతో మొదలైతే యాన్, హల్లుతో మొదలైతే ఎ. 'అవర్', 'ఆనెస్ట్', 'ఎమ్మెల్యే', 'ఎస్సై' అచ్చులు, కాబట్టి యాన్. 'యూనివర్సిటీ', 'యూనిఫామ్', 'వన్ డే మ్యాచ్', 'బీడీవో' హల్లులు, కాబట్టి ఎ. ఇంగ్లీషు అక్షరాలు చూసి తికమకపడేవారికి తెలుగు అక్షరాలు ఉన్నదున్నట్టు చెబుతాయి. రెండు జాగ్రత్తలు మాత్రం పాటించాలి. 'యాపిల్', 'యాక్టర్', 'యాప్' అని మనం 'యా'తో రాసేవాటిలో నిజానికి 'య' ధ్వని లేదు, ఆ అచ్చును చూపే అక్షరం తెలుగులో లేక అలా రాసుకుంటున్నాం, కనుక వాటికి యాన్. దీనికి తలకిందులుగా, 'ఇయర్', 'ఎల్లో' అని మనం అచ్చుతో రాసే సంవత్సరం, పసుపు రంగు అనే అర్థాల మాటల్లో అసలు 'య' ధ్వని ఉంది, కనుక వాటికి ఎ. ఏడాదికి ఎ, చెవికి యాన్ వాడతారు. తెలుగు రాతలో రెండూ 'ఇయర్' అయినా, పలికేటప్పుడు ఆ తేడా వినిపించాలి. ద పలకడంలోనూ ఇదే సూత్రం: హల్లు ముందు 'ద', అచ్చు ముందు 'ది'.

ఇప్పటిదాకా ఏ మాట పెట్టాలో చూశాం. ఏదీ పెట్టకూడని చోట్లు కూడా ఉన్నాయి, తెలుగు విభక్తి మనల్ని అక్కడ తోసేస్తుంది. 'ఆ విషయం గురించి చర్చించాం' అంటాం గనుక 'డిస్కస్డ్ అబౌట్' అని రాస్తాం. డిస్కస్ తర్వాత అబౌట్ రాదు. 'గదిలోకి ప్రవేశించాడు' అంటే 'ఎంటర్డ్ ద రూమ్', ఇన్‌టు అక్కర్లేదు. 'విశాఖపట్నానికి చేరాం' అంటే 'రీచ్డ్ విశాఖపట్నం', టు అక్కర్లేదు. 'ఆయనకి చెప్పాను' అంటే 'టోల్డ్ హిమ్'. అదే 'సెడ్' వాడితే 'సెడ్ టు హిమ్', 'ఎక్స్‌ప్లెయిన్' వాడితే 'ఎక్స్‌ప్లెయిన్డ్ ఇట్ టు హిమ్' కావాలి. ఒక మాటకు బదులు మరొకటి పడే చోట్లూ ఇలాగే ఉంటాయి. 'నా మీద కోపం' అన్నది 'యాంగ్రీ ఆన్ మీ' కాదు, 'యాంగ్రీ విత్ మీ'. 'ఆమెతో పెళ్లయింది' అన్నది 'మ్యారీడ్ విత్' కాదు, 'మ్యారీడ్ టు'. 'లెక్కల్లో దిట్ట' అన్నది 'గుడ్ ఎట్ మ్యాథ్స్'. 'కుక్కంటే భయం' అన్నది 'అఫ్రెయిడ్ ఆఫ్ డాగ్స్'. 'మీద ఆధారపడు' మాత్రం అదృష్టవశాత్తూ 'డిపెండ్ ఆన్' అవుతుంది. వీటికి సూత్రం లేదు. క్రియనూ విశేషణాన్నీ ఒంటరిగా కాకుండా వెంట వచ్చే మాటతో కలిపి ఒకే పదంలా నేర్చుకోవడమే మార్గం.

ఆఫ్ అని మనం ఒకేలా పలికే మాటలు ఇంగ్లీషులో రెండు. సంబంధాన్ని చెప్పేది 'ఆవ్' అని చివర 'వ' ధ్వనితో, దీపం ఆర్పడానికి వాడేది 'ఫ' ధ్వనితో పలుకుతారు. మన ఇళ్లలో 'లైట్ ఆఫ్ చెయ్', 'ఫ్యాన్ ఆన్ చెయ్' అని ఈ మాటల్నే క్రియలుగా చేసుకున్నాం గనుక పిల్లలు 'ఆఫ్ ద లైట్' అనేస్తారు. 'టర్న్ ఆఫ్ ద లైట్', 'స్విచ్ ఆన్ ద ఫ్యాన్' అనాలి. 'తో చేసినది' అన్నచోట వస్తువులో ఆ ముడిసరుకు ఇంకా కనిపిస్తుంటే 'మేడ్ ఆఫ్', రూపు పూర్తిగా మారిపోతే 'మేడ్ ఫ్రమ్'. కర్ర బల్ల 'మేడ్ ఆఫ్ వుడ్'. మన రాయగడ దగ్గర మిల్లులో తయారయ్యేలాంటి కాగితమైతే 'మేడ్ ఫ్రమ్ వుడ్'.

ఎస్, నో అనే అతి చిన్న మాటల గురించి ఎవరూ హెచ్చరించరు, ఇంటర్వ్యూలో మాత్రం దెబ్బతీసేవి ఇవే. 'మీకు అనుభవం లేదా?' అని అడిగితే, లేకపోతే మనం 'అవును, లేదు' అంటాం. అడిగినవారి మాట నిజమేనని ఒప్పుకోవడం మన 'అవును'. ఇంగ్లీషు 'ఎస్' అడిగినవారి మాటను చూడదు, జరిగిన సంగతిని చూస్తుంది. అనుభవం లేకపోతే 'నో, ఐ డోంట్', ఉంటే 'ఎస్, ఐ డూ'. ఉత్త 'ఎస్' అని ఊరుకుంటే మీకు అనుభవం ఉందని చెప్పినట్టవుతుంది. లేనిది ఉందన్నవాడిగా మీరు మిగిలిపోకూడదు గనుక దీన్ని గట్టిగా అభ్యాసం చేయండి.

అభ్యాసం ఎలా చేయాలన్నదానికి నా సలహా ఒక్కటే: విడి మాటలు కాదు, నిండు వాక్యాలు. గిడుగు వెంకట రామమూర్తి గారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్న రోజుల్లో సవర భాషను ఆ భాష మాట్లాడేవారి నుంచే విని నేర్చుకున్నారు, వ్యాకరణమూ నిఘంటువూ ఆ తర్వాత ఆయన చేతి మీదుగా తయారయ్యాయి. మీరూ అలాగే వాడుకలోని వాక్యాల నుంచే మొదలుపెట్టండి. మీకు చేతికందే ఇంగ్లీషు చాలానే ఉంది. పరీక్ష హాల్ టికెట్టు వెనక ఉండే సూచనలు, బ్యాంకు ఫామ్, రైల్వే ప్రకటన తీసుకుని అందులోని చిన్న మాటలకు మాత్రమే పెన్సిలుతో సున్నా చుట్టండి. ఒక్కొక్క వాక్యాన్నీ తెలుగులోనూ ఒడియాలోనూ పక్కపక్కన రాసి, కాగితం మూసి, మళ్లీ ఇంగ్లీషులోకి మార్చండి. ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే మీ పట్టిక మిమ్మల్ని తప్పుదారి పట్టించింది. విద్యార్థుల కోసం తయారుచేసిన ఇంగ్లీషు నిఘంటువు ఒకటి కొనుక్కుంటే, ప్రతి క్రియ పక్కనా దాని వెంట వచ్చే చిన్న మాట ఇచ్చి ఉంటుంది.

చివరగా, మీరు పంపిన వాక్యాలు. 'ఐ యామ్ వర్కింగ్ ఇన్ ఎ మెడికల్ షాప్ సిన్స్ త్రీ ఇయర్స్' అన్నది 'ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ ఇన్ ఎ మెడికల్ షాప్ ఫర్ త్రీ ఇయర్స్' కావాలి. ఇన్ సరిగ్గానే పెట్టారు. 'ఐ యామ్ గుడ్ ఇన్ అకౌంట్స్ అండ్ ఐ స్పీక్ ద ఒడియా' అన్నచోట 'గుడ్ ఎట్ అకౌంట్స్' అని మార్చి, ఒడియా ముందున్న ద తీసేయండి. 'ఐ డిస్కస్డ్ అబౌట్ దిస్ పోస్ట్ విత్ యువర్ మేనేజర్ ఆన్ లాస్ట్ మండే' అన్నదాంట్లో అబౌట్ పోవాలి, లాస్ట్ ఉంది గనుక ఆన్ కూడా పోవాలి, విత్ ఉండాలి. 'ఐ కెన్ జాయిన్ ఇన్ ఎ వీక్' అన్నది వ్యాకరణం ప్రకారం తప్పు కాదు గానీ, వారం లోపు చేరగలనని చెప్పడం మీ ఉద్దేశమైతే 'వితిన్ ఎ వీక్' అని రాయండి, లేకపోతే వారం దాటితే తప్ప రారనుకుంటారు. 'ఐ యామ్ వెయిటింగ్ ఫర్ యువర్ రిప్లై' అన్నదాంట్లో ఫర్ సరైనదే, అయితే ఉత్తరంలో అది కాస్త తొందరపెట్టినట్టు వినిపిస్తుంది. దాని బదులు 'ఐ లుక్ ఫార్వర్డ్ టు హియరింగ్ ఫ్రమ్ యూ' అని ముగించండి. టు తర్వాత 'హియర్' అని రాయాలని చాలామంది అనుకుంటారు గానీ, ఇక్కడి టు 'రాయగడకి' అన్నప్పటి టు లాంటిది, దాని వెంట నామవాచకం రావాలి. 'ఐ లుక్ ఫార్వర్డ్ టు యువర్ రిప్లై' అని పెట్టి చూస్తే వాక్యం చక్కగా నిలుస్తుంది. అలా నామవాచకం నిలిచే చోట క్రియను పెట్టాల్సి వస్తే దానికి 'ఇంగ్' చేర్చాలి, అందుకే 'హియరింగ్'.